ఖండచాపులో నడిచిన అంతరిక్ష నౌక

"మామయ్యా, 1966లో తీసిన సీరియల్ అద్దంలా కనిపిస్తోంది, 1993లో మొదలైంది మాత్రం తడిగుడ్డ అడ్డం పెట్టి చూసినట్టుంది, ఎందుకలా?" సెలవులకి మద్రాసు వడపళని వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్న మా అక్క కూతురు అడిగిన ప్రశ్న ఇది. అంతరిక్ష ప్రయాణాల మీద అమెరికా వాళ్ళు తీసిన స్టార్ ట్రెక్ మొదటి సీరియల్ (1966-69, 79 ఎపిసోడ్లు), తర్వాత నెక్స్ట్ జెనరేషన్ (1987-94, 178 ఎపిసోడ్లు), ఆ తర్వాత డీప్ స్పేస్ నైన్, మూడింట్లోంచి తలా కాస్తా వరసగా చూసింది. మొదటి రెండూ హెచ్‌డీలో తళతళలాడుతున్నాయి, మూడోది మసక. ఏళ్ళు గడిచేకొద్దీ బొమ్మ బాగుపడాలి కదా అని తన లెక్క. మంచి ప్రశ్న, ఇలాంటి ప్రశ్న అడిగినందుకే ఆ రోజు రత్నా కేఫ్‌లో ఇడ్లీ సాంబారు ఇప్పించాను.

మూడూ 35 ఎంఎం ఫిల్మ్ మీదే తీశారు. తేడా అంతా తీశాక ఎక్కడ అతికించారన్నదాంట్లో ఉంది. 1966 నాటిది మన కోడంబాక్కంలో సినిమాకి చేసినట్టే నెగటివ్‌నే కత్తిరించి అతికించి, అంతరిక్ష ఓడలూ మెరుపులూ కూడా ఫిల్మ్ మీదే కలిపి, ఎపిసోడ్ మొత్తాన్ని ఫిల్మ్‌గానే పూర్తి చేశారు. కాబట్టి 40 ఏళ్ళ తర్వాత ఆ రీలుని స్కానర్‌కి ఎక్కిస్తే సరిపోయింది (2006 నుంచి ఓడల సీన్లు కంప్యూటర్లో కొత్తగా చేసి కూడా పెట్టారు, అది వేరే సంగతి). 1987కి వచ్చేసరికి టైమూ డబ్బూ కలిసొస్తాయని షూటింగ్ ఫిల్మ్ మీద, ఎడిటింగూ ఎఫెక్టులూ వీడియో టేపు మీద చేశారు. అంటే పూర్తయిన ఎపిసోడ్ అనేది టేపు మీద తప్ప ఇంకెక్కడా లేదు, అదీ 480 అడ్డగీతలతో గీసిన బొమ్మ.

ఈ ఫిల్మ్ నుంచి టేపుకి ఎక్కించడాన్ని టెలిసినీ అంటారు, నాకు మొత్తం కథలో ప్రాణం ఇక్కడే. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు. అమెరికా టీవీ సెకనుకి 60 ఫీల్డులు, ఫీల్డు అంటే సగం బొమ్మ, ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు, రెండూ కలిస్తే ఒక పూర్తి టీవీ ఫ్రేము. మరి 24ని 60లో ఎలా పంచుతారు? ఒక్కో ఫ్రేముకి రెండున్నర ఫీల్డులు రావాలి, అర ఫీల్డు అనేది లేదు. అందుకని మొదటి ఫ్రేముకి రెండు, రెండోదానికి మూడు, మళ్ళీ రెండు, మళ్ళీ మూడు. మా మేనకోడలు మైలాపూర్లో మృదంగం నేర్చుకుంది కాబట్టి నేను చెప్పకముందే తొడ మీద వేసింది: తక తకిట, తక తకిట. అచ్చం ఖండచాపు, కర్ణాటక సంగీతంలో రెండూ మూడుగా నడిచే ఐదక్షరాల తాళం! సెకనుకి 12 ఆవర్తనాలు, ఒక్కో ఆవర్తనానికి ఐదు అక్షరాలు, మొత్తం 60. అమెరికాలో టీవీలో వచ్చిన ప్రతి ఫిల్మూ, వాళ్ళకి తెలియకుండానే, దశాబ్దాల పాటు ఖండచాపులో నడిచింది.

ఇప్పుడు ఈ తాళాన్ని కాస్త విప్పుదాం. నాలుగు ఫిల్మ్ ఫ్రేములు క, ఖ, గ, ఘ అనుకోండి. ఫీల్డులు వరసగా కక, ఖఖఖ, గగ, ఘఘఘ. వీటిని రెండేసి చొప్పున టీవీ ఫ్రేములుగా జతకడితే కక, ఖఖ, ఖగ, గఘ, ఘఘ వస్తాయి. ఐదింట్లో మూడు శుభ్రం, రెండు కలగాపులగం, అంటే సగం గీతల్లో ఒక క్షణం, మిగతా సగంలో ఇంకో క్షణం. మనిషి చెయ్యి ఊపే చోట ఆ ఫ్రేము మీద ఆపితే అంచులు దువ్వెన పళ్ళలా కనిపించేది ఇందుకే. తాళం తెలిస్తే మాత్రం దీన్ని వెనక్కి తిప్పొచ్చు, అదనంగా వేసిన ఫీల్డుని తీసేసి మళ్ళీ 24 రాబట్టొచ్చు.

మన దేశంలో అయితే టీవీ 50 ఫీల్డులది, 24 ఫ్రేముల ఫిల్మ్‌ని సెకనుకి 25 చొప్పున నడిపేసేవాళ్ళు, ప్రతి ఫ్రేముకి సమంగా రెండు, శుభ్రమైన చతురశ్ర నడక. బొమ్మకి నష్టం లేదు కానీ 100 నిమిషాల సినిమా 96 నిమిషాలకే అయిపోయేది, శ్రుతి కూడా అర స్వరానికి కాస్త తక్కువగా పెరిగేది, ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నర దగ్గర్లో వినపడేది. ఇక అమెరికా టేపు మన దగ్గర వెయ్యాలంటే ఆ 60ని 50లోకి నొక్కాలి, ఖండచాపు మీద ఇంకో నడక రుద్దినట్టు. కేబుల్ వచ్చిన కొత్తల్లో మేం చూసిన బొమ్మ అంత అలుక్కుపోయి ఉండటానికి అదొక కారణం.

మరి తాళం వెనక్కి తిప్పొచ్చన్నాను కదా, టేపునే శుభ్రం చేసుకోవచ్చుగా? ఎడిటింగ్ చేసింది టేపు మీద. ఎడిటర్‌కి సీను ముఖ్యం, ఫీల్డుల లెక్క కాదు, కాబట్టి కట్ ఎక్కడ పడితే అక్కడ పడుతుంది, తక అన్నాక తకిట రాకముందే ఇంకో పాట మధ్యలోంచి మొదలైనట్టు. ఎపిసోడ్ అంతా అలాంటి కట్‌లే, ప్రతి కట్ దగ్గరా తాళం తెగి కొత్త ఎత్తుగడ. అది చాలదన్నట్టు తుపాకీ కాంతులూ మెరుపులూ టేపు మీదే, వీడియో వేగంలోనే గీశారు, అంటే ఒకే బొమ్మలో నటుడు ఖండచాపులో నడుస్తుంటే అతని చేతిలోంచి వచ్చే కాంతి ఏకతాళంలో పోతోంది. వీటిని విడదీయడం ఎవరి తరమూ కాదు, విడదీసినా చేతికొచ్చేది 480 గీతలే.

అందుకే నెక్స్ట్ జెనరేషన్ వాళ్ళు టేపుని పక్కన పెట్టేసి అసలు నెగటివ్ దగ్గరికి వెళ్ళారు. 25 వేలకి పైగా రీళ్ళు. మామూలు సినిమాలో కత్తిరించిన నెగటివ్ ఉంటుంది, ఇక్కడ అదీ లేదు, షూటింగ్ రోజున కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే డబ్బాల్లో ఉంది. ఒక 45 నిమిషాల ఎపిసోడ్‌కి నిమిషానికి 90 అడుగుల లెక్కన 4 వేల అడుగులు చాలు, కానీ తీసింది దానికి ఎన్నో రెట్లు, ఆ కుప్పలోంచి పాత టేపు పక్కన పెట్టుకుని ఏ టేకు, ఏ ఫ్రేము దగ్గర మొదలు అని వెతికి, స్కాన్ చేసి, 178 ఎపిసోడ్లనీ మళ్ళీ మొదట్నుంచి ఎడిట్ చేశారు. 2012 నుంచి 2014 దాకా ఏడు సీజన్లూ బ్లూరే మీద వచ్చాయి. టేపు ఇక్కడ బొమ్మగా కాదు, స్వరం రాసుకున్న నోటుబుక్కులా పనికొచ్చింది.

ఓడ సీన్లది ఇంకా అందమైన కథ. సీరియల్లోని ఓడ ఎంటర్‌ప్రైజ్ నిజానికి ఆరడుగుల నమూనా (తర్వాత నాలుగడుగులది ఒకటి చేశారు). కంప్యూటర్ నడిపే కెమెరా దాని ముందు అదే దారిలో, అదే వేగంతో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది: ఒకసారి ఒంటి మీద లైటు, ఒకసారి కిటికీల వెలుగు మాత్రమే, ఒకసారి ఇంజన్ల కాంతి, ఒకసారి నీడ ఆకారం. ప్రతిదీ విడిగా 35 ఎంఎం మీద. కలిపింది మాత్రం టేపు మీద. అంటే గాత్రం, వయొలిన్, మృదంగం వేటికవి గొప్పగా రికార్డు చేసి, చివర్లో అన్నీ కలిపి చవక క్యాసెట్టు మీదకి ఎక్కించినట్టు. విడి ట్రాకులు దొరికాయి కాబట్టి కంప్యూటర్లో కొత్తగా కలుపుకున్నారు. టేపు మీదే పుట్టిన కాంతి కిరణాల్లాంటివి కొత్తగా గీశారు, గ్రహాలు కూడా చాలావరకు మళ్ళీ చేశారు. కొన్ని షాట్‌ల నెగటివ్ ఎంత వెతికినా దొరకలేదు, అక్కడ పాత టేపు బొమ్మనే పెద్దది చేసి పెట్టారు.

డీప్ స్పేస్ నైన్‌కి ఇదంతా మొత్తంగా ఇప్పటిదాకా చెయ్యలేదు. దాని చివరి సీజన్లకి వచ్చేసరికి ఓడలు చాలావరకు కంప్యూటర్లోనే పుట్టాయి, ఆ కాలపు టీవీ సైజులోనే, వాటికి వెనక ఏ నెగటివూ లేదు. బాబిలోన్ 5 అనే ఇంకో సీరియల్ 2021 హెచ్‌డీ కాపీ చూస్తే ఇది కళ్ళకి కడుతుంది, మనుషుల సీన్లు ఫిల్మ్ నుంచి వచ్చి స్పష్టంగా ఉంటాయి, ఓడ రాగానే మెత్తబడిపోతుంది.

ఇంత చెప్పాక కూడా "ఏఐకి ఇస్తే చేసేస్తుందిగా" అనేవాళ్ళున్నారు. ఇది మన కాలపు తాయెత్తు. 720 బై 480 అంటే సుమారు మూడున్నర లక్షల చుక్కలు, 1920 బై 1080 అంటే 20 లక్షల పైన, సరిగ్గా ఆరు రెట్లు. లేని ఐదు వంతులూ అది ఊహించి రాస్తుంది, ఆ నటి మొహంలో ఉన్నది కాదు, అలాంటి మొహాల్లో మామూలుగా ఉండేది. నెగటివ్‌లో ఉన్నది ఆ రోజు లెన్సులోంచి వచ్చిన వెలుతురు. కాలేజీల్లో ఈ తేడా మొదటి క్లాసులోనే చెప్పాలి. నెగటివ్ కూడా శాశ్వతం కాదు, వేడికీ తేమకీ అసిటేట్ ఫిల్మ్ కుళ్ళి వెనిగర్ వాసన కొడుతుంది, మన మద్రాసు ఉక్కపోతలో ఎన్ని తెలుగు రీళ్ళు అలా పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. సాయంత్రం సాలిగ్రామంలో ఎల్.వి. ప్రసాద్ గారు పెట్టిన ల్యాబ్ మీదుగా నడుస్తూ ఆ పిల్లకి ఇదే చెప్పాను, ఫిల్మ్ స్కానర్లు చేసే జర్మనీ కంపెనీ డీఎఫ్‌టీ ఇప్పుడు ఆ సంస్థదే అని కూడా.

ఇంటికొచ్చాక నా దగ్గరున్న పాత అమెరికా డీవీడీ కంప్యూటర్లో పెట్టి ఒక్కో ఫ్రేమే ముందుకి జరపమన్నాను. శుభ్రం, శుభ్రం, దువ్వెన, దువ్వెన, శుభ్రం. మళ్ళీ అదే వరస. తొడ మీద తాళం వేస్తూ పోయింది, పోయి పోయి ఒకచోట సీను మారింది, అక్కడ శుభ్రం ఒక్కటే వచ్చి వెంటనే దువ్వెన పడింది. "మామయ్యా, ఇక్కడ కత్తిరించారు" అంది.