పరీక్షలో లేవన్నారుగా తాతయ్యా!

కావలి,
ఆదివారం

చిన్నీ, బుజ్జీ,

ఒంగోలు నుంచి మీరు రాసిన ఉత్తరం నిన్న అందింది. "బుజ్జిగాడికి మలం పరీక్ష చేయిస్తే కడుపులో పురుగుల్లేవన్నారుగా, మళ్లీ బడిలో పురుగుల మాత్ర ఎందుకు మింగించారు?" అని చిన్ని అడిగింది. ముప్పై ఏళ్లు ల్యాబులో ఆ మలం డబ్బాలతోనే కాపరం చేసినవాణ్ని, ఇది నన్నే అడగాలి. అన్నం తింటా మాత్రం చదవబాకండి.

రిపోర్టులో "లేవు" అని ఉన్నా, దానర్థం "మాకు కనపడలేదు" అనే.

మామూలుగా చేసేదేందంటే, పుల్ల కొనతో రవ్వంత మలం తీసి, గాజుపలక మీద సెలైన్ చుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టడం. ఆ రవ్వంత రెండు మిల్లీగ్రాములు, అంటే ఆవగింజెత్తు. గంపెడు శనక్కాయల్లో నాలుగు ఒలిచి చూసి పుచ్చుల్లేవని చెప్పినట్టే. పైగా మేం వెతికేది పురుగుల్ని కాదు, వాటి గుడ్లని. పేగుల్లో పెరిగే పొడుగాటి పురుగు ఏలికపాము. అందులో ఆడది రోజుకు రెండు లక్షల గుడ్లు పెడుతుంది, దొరికిపోతుంది. దాని గుడ్డు చూడాలి మీరు, అచ్చం సీతాఫలం మాదిరి గోధుమరంగులో బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది. పేగుని కొంకిలా పట్టుకునే కొంకిపురుగు పెట్టేది వేలల్లోనే. ఇంకో తిరకాసు ఏందంటే, ఏలికపాము కడుపులో చేరిన రెండుమూడు నెలల దాకా గుడ్లే పెట్టదు. ఉన్నవన్నీ మగవైతే ఎప్పటికీ పెట్టవు.

దీనికన్నా మెరుగైన పద్ధతి ఒకటుంది, కాటో-కాట్జ్. 1954లో జపాన్‌లో కాటో మొదలుపెట్టాడు, 1972లో బ్రెజిల్‌లో కాట్జ్ సరిదిద్దాడు. చిల్లున్న చిన్న అచ్చులో మలం నింపితే సుమారు 41.7 మిల్లీగ్రాములు పడుతుంది. పైన గ్లిజరిన్‌లో నానిన పచ్చటి సెల్లోఫేన్ ముక్క అంటించి అదిమితే, మలం తేటబడి గుడ్లు పైకి కనిపిస్తాయి. లెక్కపెట్టి 24తో హెచ్చవేస్తే గ్రాముకెన్నో తేలుతుంది.

దీంతోనే నేనొకసారి తప్పు చేశా. సర్వే పనిలో పొద్దున పలకలు సిద్ధం చేసి, భోంచేసొచ్చి తీరిగ్గా చూశా. ఏలికపాము గుడ్లున్నాయి, కొంకిపురుగువి ఒక్కటీ లేదు. సున్నాలు చుట్టేశా. వాటి పెంకు బహు పల్చన, గ్లిజరిన్‌లో గంట దాటితే కరిగి మాయమవుతాయని మా సీనియర్ చెప్పేదాకా నాకు తట్టలేదు. అవి ఇసక నేలల్లో చెప్పుల్లేకుండా శనక్కాయ పీకే పిల్లల పలకలు. కొంకిపురుగు ఎక్కువగా ఎక్కేది అరికాళ్ల నుంచే. ఆ పూట నేను "లేవు" అని రాసినవాళ్లలో ఎందరికి ఉన్నాయో!

ఇక మాత్ర సంగతి. 2015 నుంచి ఫిబ్రవరి 10న, ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల దాకా వయసున్న వాళ్లకి ఆల్బెండజోల్ అనే పురుగుల మాత్ర ఇస్తున్నారు. రెండేళ్లు దాటితే 400 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవాళ్లకి సగం. ఒక్కొక్కరికీ పరీక్ష చేసే ఖర్చు మాత్ర ఖరీదుకన్నా చాలా ఎక్కువ, చేసినా కొందరు తప్పించుకుంటారు. అందుకని అందరికీ. మరి ఏళ్ల తరబడి మింగిస్తే పురుగులు తగ్గుతాయి, గుడ్లూ తగ్గుతాయి, అప్పుడు కాటో-కాట్జ్‌కీ అందవు. నిజంగా పోయాయా, పోయినట్టు కనిపిస్తున్నాయా అని తేలకుండా మాత్ర ఎట్టా ఆపుతారు? అందుకే కొత్త పరీక్షలు. విత్తనాలు ఉప్పునీళ్లలో పోస్తే తాలు పైకి తేలడం మీరు చూశారుగా, అట్టా గుడ్లని తేల్చి పట్టేది మినీ-ఫ్లోటాక్. గుడ్డుతో పనిలేకుండా పురుగు డీఎన్‌ఏనే వెతికేది పీసీఆర్. రెండోదానికి యంత్రం కావాలి, ఖర్చెక్కువ, మన పల్లె ఆస్పత్రుల దాకా రావడానికి టైం పడుతుంది.

బుజ్జిగాడు నిద్రలో పళ్లు కొరుకుతాడని మీ అమ్మ దిగులు. పళ్లు కొరికితే పురుగులని మా అమ్మా అనేది, దాన్ని నమ్మి లాభం లేదు. కానీ రాత్రిళ్లు వెనక దురదని గోక్కుంటున్నాడని రాశావే చిన్నీ, అది నాకు పట్టింది. సన్నదారం ముక్కల్లాంటి నులిపురుగులు రాత్రిపూట బయటికొచ్చి చర్మం మీదే గుడ్లు పెట్టిపోతాయి. మలంలో వెతికితే ఎక్కడ దొరుకుతాయి? రేపు వాడు లేవగానే, దొడ్డికి పోకముందే, కడగకముందే, అమ్మని సెల్లోటేపు ముక్క అక్కడ అద్ది గాజుపలకకి అంటించమను. వరసగా మూడు పొద్దులు. ఆ పలకలు ల్యాబులో ఇచ్చి నులిపురుగు గుడ్లు చూడమని అడగండి. ఉంటే డాక్టరు ఇంట్లో అందరికీ మందిస్తారు, మీ నాన్నక్కూడా, ఆయన ఎంత మొహం చిట్లించినా సరే. బుజ్జిగాడి గోళ్లు మాత్రం ఇయ్యాలే తీసెయ్యండి.

మీ తాతయ్య