ధ్యాస ప్రయోగం: మీ వేగం కాదు, మీలోని తేడా కావాలి

"నాకు ఏకాగ్రత తక్కువ. ధ్యాస మీద ప్రయోగానికి నేను పోతే వాళ్ల లెక్క చెడిపోదా?" విశ్వవిద్యాలయాల్లో జరిగే ఇలాంటి ప్రయోగాల్లో పాల్గొనబోయే హన్మకొండ హాస్టళ్ల విద్యార్థులకు వచ్చే మొదటి సందేహం ఇదే. చెడిపోదు. ఎందుకో పత్తి అమ్మిన రైతుకు వెంటనే అర్థమవుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి డీసీఎం వ్యాను నిండుగా వే బ్రిడ్జి ఎక్కుతుంది, ఒక బరువు. పత్తి దించి ఖాళీగా ఎక్కుతుంది, ఇంకో బరువు. తీసివేస్తే సరుకు. బండి పాతదా కొత్తదా, ట్యాంకులో డీజిల్ ఎంత, డ్రైవర్ లావా సన్నమా అని ఎవరూ అడగరు. రెండుసార్లూ అవి మారకపోతే చాలు.

మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ పోస్నర్ 1980లో వివరించిన ప్రయోగం కూడా ఇలాంటి తీసివేతే. తెర మధ్యలో కూడిక గుర్తు ఉంటుంది, చూపు దాని మీదే నిలపాలి. ఎడమకో కుడికో ఒక బాణం కనిపిస్తుంది. తర్వాత ఏదో ఒక పక్క చిన్న వెలుగు మెరుస్తుంది, కనబడగానే మీట నొక్కాలి. బాణం నూటికి 80 సార్లు నిజం చెబుతుంది, 20 సార్లు తప్పుదారి పట్టిస్తుంది. నిజం చెప్పినప్పుడు వేలు త్వరగా కదులుతుంది, తప్పు చెప్పినప్పుడు ఆలస్యం. ఆ రెంటి మధ్య కొన్ని పదుల మిల్లీసెకన్ల తేడానే సరుకు. కన్ను కదలకుండానే ధ్యాస ఒక పక్కకు పోయిందని చెప్పేది అదే. మీ వయసు, మీ నెమ్మది, కీబోర్డు చేసే ఆలస్యం అన్నీ బండి బరువులోకే పోతాయి.

ఇబ్బంది ఎప్పుడంటే, డ్రైవర్ మధ్యలో దిగిపోయినప్పుడు. సగం ప్రయోగం అయ్యాక "ఈ బాణం మోసం చేస్తోంది" అని దాన్ని పట్టించుకోవడం మానేస్తే తేడా కరిగిపోతుంది. చూపు బాణం వెంట పోయినా ఇబ్బందే. కన్ను కదలడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. బాణానికీ వెలుగుకూ మధ్య అంతకన్నా ఎక్కువ వ్యవధి ఉంటే కన్ను ముందే వెళ్లి కూర్చుంటుంది, అప్పుడు కొలిచింది చూపునే, ధ్యాసను కాదు. ఊహించి ముందే నొక్కడం మూడో తప్పు. 100 మిల్లీసెకన్ల లోపు వచ్చిన జవాబు వెలుగును చూసి ఇచ్చింది కాదని పక్కన పెట్టేస్తారు. అసలు వెలుగే రాని వంతులు కూడా మధ్యలో కలుపుతారు. అక్కడ నొక్కితే దొరికిపోయినట్టే.

మరి అదే పని అన్నిసార్లు ఎందుకు? బండి బరువు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి చూస్తే చాలు. మనిషి వేగం మాత్రం వంతు వంతుకూ ఊగుతుంది. ఆ ఊపు 100 మిల్లీసెకన్లు అనుకుందాం. 200 వంతుల్లో బాణం 160 సార్లు నిజం, 40 సార్లు అబద్ధం. మొదటి సగటులో ప్రామాణిక దోషం, అంటే ఆ సగటు ఎంత అటూ ఇటూ అయ్యుండొచ్చో చెప్పే కొలత, 100ను 160 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 7.9. రెండోదానిలో 15.8. తేడాలో దోషం ఆ రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం, దాదాపు 18. వెతుకుతున్న తేడా 40 అయితే ఒక్కరి జవాబుల్లో అది లీలగానే కనబడుతుంది. అందుకే వంతులూ ఎక్కువ కావాలి, మనుషులూ ఎక్కువ కావాలి. అలసట రెండు వైపులా సమానంగా పడాలని వంతులన్నీ కలగాపులగం చేస్తారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు వేరే ఉంది. బాణం బదులు ఏదో ఒక పక్క, వెలుగు ఎటు వస్తుందో ఏమీ సూచించని ఒక మెరుపు మెరిపించి, 300 మిల్లీసెకన్లు దాటాక వెలుగు చూపిస్తే లెక్క తిరగబడుతుంది. మెరిసిన చోటే జవాబు ఆలస్యమవుతుంది! ఒకసారి చూసి వదిలేసిన చోటికి ధ్యాస మళ్లీ పోవడానికి మొరాయిస్తుంది.

ధ్యాసకు ఇంకో పరీక్ష కూడా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త స్ట్రూప్ 1935లో ప్రచురించిన రంగుల పరీక్షలో ఆకుపచ్చ సిరాతో 'ఎరుపు' అని రాసి, సిరా రంగు చెప్పమంటారు. చదవడం దానంతటదే జరిగిపోతుంది కాబట్టి నోరు తడబడుతుంది. తెలుగు కూడబలుక్కుని చదివేవాళ్లకు ఈ తడబాటు తక్కువ. దరఖాస్తులో ఏ మీడియంలో చదివారని అడిగేది ఇందుకే, మొహమాటపడకుండా రాయండి.

కళ్లకు గంతలు కట్టి పిల్లల చేత చదివించే 'మిడ్‌బ్రెయిన్' క్లాసులకు వేలకు వేలు కట్టే తల్లిదండ్రులు కూడా ఒక తీసివేత చేసి చూడొచ్చు. ముక్కు పక్క సందులోంచి పుస్తకం కనబడకుండా గడ్డం కింద అట్ట పెట్టి మళ్లీ చదివించండి. అట్టతో, అట్ట లేకుండా. తేడా మీరే చూస్తారు.

ముందురోజు సరిపడా నిద్ర పోండి, రాహుకాలం సంగతి మీ ఇష్టం. చాయ్ రోజూ తాగేంతే తాగండి. కళ్లద్దాలు తప్పకుండా తీసుకెళ్లండి. రంగులు సరిగ్గా కనబడకపోతే ముందే చెప్పండి. ఫోన్ సైలెంట్‌లో కాదు, పూర్తిగా ఆపేయండి. గడ్డం ఆన్చే స్టాండును తరచూ తెరకు 57 సెంటీమీటర్ల దూరంలో పెడతారు. అక్కడి నుంచి తెర మీద ఒక సెంటీమీటరు కంటికి ఒక డిగ్రీ. ముందుకు వంగితే ఆ కొలత పోతుంది. వేళ్లు మీటల మీదే ఉంచండి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఈ శాస్త్రం మీద పనిచేసేవాళ్లున్నారు. కాజీపేటలో బండెక్కే ముందే దారి ఖర్చులు ఇస్తారో లేదో అడగండి. సమ్మతి పత్రం మీకు వచ్చిన భాషలో ఉండాలి, కారణం చెప్పకుండా మధ్యలో లేచి వచ్చే హక్కు మీకుంది. ప్రయోగం దేని గురించో ముందే పూర్తిగా చెప్పరు, అయ్యాక అడిగితే చెబుతారు. అది విన్నాక, అదే ప్రయోగానికి రేపు వెళ్లబోయే రూమ్మేట్‌కు మాత్రం చెప్పకండి.