రెండు మందులు, 96 గుంటలు

పెన్సిలిన్ టీబీ మీద పనిచేయదు. ఆ జాతి మందుల్ని విరగ్గొట్టే బ్లా-సీ అనే ఎంజైమ్ టీబీ బ్యాక్టీరియా దగ్గర ఉండటమే ఇందుకు ముఖ్య కారణం. ఈ అడ్డు తొలగిస్తే ఏమవుతుంది? 2009లో న్యూయార్క్‌లోని జాన్ బ్లాంచర్డ్ బృందం చూసింది అదే. బ్లా-సీని మళ్లీ లేవకుండా పడగొట్టే క్లావులనేట్‌నీ, పెన్సిలిన్ జాతిదే అయినా ఆ ఎంజైమ్‌కి అంత తొందరగా లొంగని మెరోపెనెమ్‌నీ కలిపారు. చాలా మందులకు లొంగని 13 మొండి టీబీ రకాలు కూడా ఈ జోడీ ముందు మామూలు టీబీలాగే ఆగిపోయాయి.

ఇలాంటి జోడీల బలాబలాలు తేల్చడానికి ల్యాబుల్లో ఎక్కువగా వాడేది చెకర్‌బోర్డ్ పరీక్ష. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటు, అందులో 96 చిన్న గుంటలు. అడ్డంగా ఒక మందు, నిలువుగా రెండోది, గుంట గుంటకీ మోతాదు సగానికి సగం తగ్గుతూ పోతుంది. అన్నిట్లో బ్యాక్టీరియా వేసి, 37 డిగ్రీల దగ్గర వారం పైగా ఉంచుతారు. తర్వాత రెజజురిన్ అనే నీలి రంగు కలుపుతారు. బ్యాక్టీరియా పెరిగిన గుంట గులాబీ రంగుకు తిరుగుతుంది, పెరగనిది నీలంగానే ఉంటుంది.

ఉదాహరణకి, విడిగా 8 మైక్రోగ్రాములు కావలసిన మందు జోడీలో 2కే పనిచేసిందనుకుందాం. అంటే పావు వంతు. రెండోదీ పావుకే సరిపోతే మొత్తం అర. ఈ మొత్తం అరకి మించకపోతే రెండూ ఒకదానికొకటి బలమిస్తున్నట్టు లెక్క. 4 దాటితే ఒకదాని పని ఇంకోటి చెడగొడుతోందన్నమాట.

ఈ ఒక్క అంకెను చూసి సంబరపడకూడదని నా అభిప్రాయం. నీలం అంటే బ్యాక్టీరియా పెరగలేదనే, చచ్చిందని కాదు. చావు తేలాలంటే ఆ గుంటలోని ద్రవాన్ని మందులేని అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద పూసి, మూడు నాలుగు వారాలు ఆగి, కాలనీలు, అంటే బతికిన బ్యాక్టీరియా పెరిగి కట్టిన చుక్కలు, లెక్కపెట్టాలి. అన్ని వారాలు ఎందుకంటే, మన పేగుల్లో ఉండే ఈ-కోలై అనే బ్యాక్టీరియా మంచి ఆహారం దొరికితే 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది, టీబీకి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈలోగా ఇంకో చిక్కు: మెరోపెనెమ్ ఆ వెచ్చదనంలో తనంతట తనే పాడైపోతుంది. వారం తర్వాత మనం చూసేది మొదటిరోజు వేసిన మోతాదు ఫలితం కాదు. అందుకే కొందరు మధ్యలో మందు మళ్లీ కలుపుతారు.

ఇక రోగి దగ్గరికి వస్తే మెరోపెనెమ్ మాత్రగా పనికిరాదు, రోజుకి రెండు మూడుసార్లు నరానికి ఎక్కించాలి. నెలల తరబడి అలా ఎక్కించుకోవడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు. అయినా వేరే మందులు మిగలని మొండి టీబీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జాబితాలో ఉంచింది. క్లావులనేట్ విడిగా దొరకదు కాబట్టి, పంటి నొప్పికీ సైనస్‌కీ డాక్టర్లు రాసే అమాక్సిసిలిన్-క్లావులనేట్ మాత్రే దానికి తోడుగా ఇస్తారు. కోర్సులో ఎన్ని మందులున్నాయో లెక్కేసేటప్పుడు మాత్రం దాన్ని వేరే మందుగా లెక్కించరు.