జబ్బు లేని పాప కోసం నర్సమ్మ ఎందుకొస్తుంది?

పలమనేరు

చిన్నీ, అబ్బోడా,

మీ ఉత్తరం అందింది. "అత్త పాప బాగానే ఉంది, ఏడవను కూడా ఏడవదు, మరి ఆశా అక్క ఊరికే ఎందుకొస్తోంది తాతా? మొన్న నర్సమ్మను కూడా వెంటబెట్టుకొచ్చింది" అని అడిగారు.

మన షెడ్డులో పట్టుపురుగుల్ని చూశారు కదా. గుడ్డులోంచి అప్పుడే వచ్చినవాటిని చాకీ పురుగులంటాం. నల్లగా, చీమకన్నా చిన్నగా ఉంటాయి. లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేయాలి. వేడి 27, 28 డిగ్రీలుండాలి, ఆకు వాడిపోకూడదు. పెద్ద పురుగు మేత మానేస్తే కంటికి తెలుస్తుంది. చాకీ పురుగుకి ఏమైందో తెలిసేలోపు తట్టంతా పోతుంది. అందుకే మీ అవ్వ అన్నీ బాగున్నప్పుడే టార్చి పట్టుకుని వంగి వంగి చూస్తుంది.

పసిబిడ్డా అంతే. గట్టిగా ఏడిస్తే ఇల్లంతా పరుగెత్తుకొస్తుంది. పాలు తాగడం తగ్గి, ఒళ్ళు చల్లబడి, మగతగా పడుకుంటే మాత్రం "ఎంత బుద్ధిమంతురాలో" అంటాం! ఆశా అక్క ఆ మాట నమ్మదు. గుడ్డ ఊయలలో వేసి తూకం చూస్తుంది, చంకలో థర్మామీటర్ పెడుతుంది, బొడ్డు చూస్తుంది. ఆసుపత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఇంట్లోనే కాన్పైతే మొదటి రోజు కూడా.

మహారాష్ట్రలో గడ్చిరోలి అని అడవుల జిల్లా ఉంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊళ్ళోని ఆడవాళ్ళకే ఈ పనులు నేర్పారు. నెలలోపు బిడ్డల చావులు 62 శాతం తగ్గాయని 1999లో లెక్క చూపించారు. 2011 నుంచి ఆశాలు దేశమంతటా ఇలా ఇళ్ళకు వెళ్తున్నారు.

మా చిన్నప్పుడు బాలింతను చీకటి గదిలో పెట్టి పొగ వేసేవాళ్ళు. బయటినుంచి వచ్చేది టీకాలాయన ఒక్కడే. ఆయన సైకిల్ బెల్లు వినబడితే మేమంతా గడ్డివామి వెనక! మా అమ్మ చెవి పట్టి లాక్కొచ్చేది. మశూచి టీకా మచ్చ ఇప్పటికీ నా జబ్బ మీద ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తా. 1977కల్లా మన దేశంలో ఆ జబ్బే లేకుండా పోయింది. ఇళ్ళ చుట్టూ తిరిగే మనుషుల్ని చులకనగా చూడకండి. ఎండన పడి వస్తారు, ముందు మంచినీళ్ళివ్వండి.

ఇంకొకటి. పట్టుపురుగు పక్కన తల్లి ఉండదు, కాబట్టి నా పోలిక ఇక్కడితో సరి. నర్సమ్మ వచ్చేది మీ అత్త కోసం కూడా. జ్వరముందా, రక్తం ఎక్కువ పోతోందా, పాలు గడ్డకట్టి నొప్పిగా ఉందా, ఊరికే ఏడుపొస్తోందా అని అడుగుతుంది. మన ఇళ్ళలో బిడ్డను ఎత్తుకోవడానికి పదిమంది, బాలింతను "తిన్నావా" అనడానికి ఒక్కరుండరు. ఇది నాకు అస్సలు నచ్చదు.

ఇప్పుడొక పని చెప్తా. చేతులు కడుక్కుని, పాప నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చోండి. పొట్ట లేచిపడటం గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయొద్దు, పసిపిల్లల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు ఆగినట్టూ నడుస్తుంది. 60 గానీ దాటిందా, మళ్ళీ లెక్కపెట్టండి. మళ్ళీ అంతే వస్తే వెంటనే పెద్దవాళ్ళను పిలవండి. మామూలుగా ఉంటే ఆ అంకె నాకు రాయండి. మీ ఊపిరీ లెక్కపెట్టుకుని పక్కనే రాయండి.

మీ తాత