తొంభైల పాటకు ఎఫ్ఎంలో ఇంత గిరాకీ ఎందుకు?

వరంగల్, హనుమకొండల్లో రాత్రివేళ ఎఫ్ఎం పెట్టినవారికి 1990ల సినిమా పాటలు తరచుగా వినిపిస్తాయి. అయితే పాత పాటలకు ప్రత్యేక సమయం కేటాయించడం ప్రైవేటు స్టేషన్లు కనిపెట్టిన పద్ధతి కాదు. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు కరువై, శ్రోతలు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు మళ్లారు. అక్కడ ఉదయం వచ్చే పాత హిందీ పాటల కార్యక్రమాన్ని తొలితరం గాయకుడు కె.ఎల్. సైగల్ పాటతో ముగించడం ఆనవాయితీగా ఉండేది. పోయిన శ్రోతలను రప్పించుకోవడానికి ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని మొదలుపెట్టి, ‘భూలే బిస్రే గీత్’ (మరచిపోయిన పాటలు) వంటి కార్యక్రమాలతో తానూ అదే దారి పట్టింది.

ఆ రోజుల్లో శ్రోత ఇష్టం కార్డుముక్క మీద చేరేది. పరకాల, జమ్మికుంట, మంథని అంటూ ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ వరుసగా చదివాకే పాట మొదలయ్యేది. పాట కంటే తమ పేరు కోసమే చెవి ఒగ్గినవారు తక్కువేమీ కాదు.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది. ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సులకు 2005లో కేంద్రం తెచ్చిన రెండో దశ విధానం వరంగల్ వంటి నగరాలకూ తలుపు తెరిచింది. సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేని ఈ స్టేషన్లకు పాటే సరుకు, ప్రకటనలే రాబడి. అందుకే పల్లవిని కొన్ని సెకన్లు వినిపించి, శ్రోతల చేత మార్కులు వేయించి, నెగ్గిన పాటలనే తిప్పి తిప్పి వేసే పద్ధతి స్థిరపడింది. తొంభైలలో బడికి, కాలేజీకి వెళ్లినవారే నేడు బంగారం, బట్టలు, ప్లాట్లు కొనే వయసులో ఉన్నారు కనుక, ప్రకటనదారుకు కావలసిన చెవులు వారివే.

కానీ ఓరుగల్లుకు తొంభైలంటే సినిమా పాట ఒక్కటే కాదు. సమ్మక్క సారలమ్మ పాటల క్యాసెట్లు, బతుకమ్మ పాటలు, పల్లె జానపదాలు ఆ దశకంలో ఇంటింటా మోగాయి. పల్లవి పరీక్షకు పెట్టే జాబితాలోకే అవి ఎక్కకపోతే, శ్రోతలు వాటిని కోరడం లేదనడం న్యాయం కాదు. పైగా చిన్న క్యాసెట్ కంపెనీలు మూతపడ్డాక హక్కులు ఎవరివో తేలని రికార్డింగును ప్రసారం చేయడానికి ఏ స్టేషనైనా వెనకాడుతుంది. ఆకాశవాణి జానపద కార్యక్రమాలను పక్కన పెడితే, ఆ పాటలు గాలిలోకి వచ్చేది ఎక్కువగా బతుకమ్మ తొమ్మిది రోజుల్లో, లేదంటే రెండేళ్లకోసారి మేడారం జాతర నాడు.