లైటు వెలిగితే సరిపోదర్రా

చిరంజీవులు శ్రావణికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న ఫ్లాట్ వైరింగు చెక్ చేయిస్తానంటే, "లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఇంకా ఎందుకు?" అన్నావటరా చిన్నోడా. మంచి ప్రశ్నే. ఫోన్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

వైరింగులో రోజూ పనిచేసేవి కొన్ని, ఏళ్ళ తరబడి ఊరికే కూర్చునేవి కొన్ని. రోజూ పనిచేసేది పాడైతే ఆ పూటే తెలుస్తుంది. ఊరికే కూర్చున్నది పాడైతే ఎవరికీ తెలీదు. పచ్చ రంగు ఎర్త్ వైరు అలాంటిదే. ఫ్రిజ్ ప్లగ్గులో పైనుండే లావు పిన్ను దానిదే. లోపల ఫేజు వైరు, అంటే కరెంటు తెచ్చే వైరు, ఎక్కడైనా ఒలిచిపోయి ఫ్రిజ్ రేకుకి తగిలిందనుకోండి, కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోతుంది, ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు, పడిపోతుంది. అదే ఎర్త్ వైరు మధ్యలో తెగిపోయి ఉంటే? ఫ్రిజ్ ఎప్పట్లాగే చల్లగా పనిచేస్తుంది. తడి కాళ్ళతో వచ్చి తలుపు పట్టుకున్నవాళ్ళకే ఆ సంగతి తెలుస్తుంది.

అందులోనూ మీరుండేది విశాఖలో సముద్రం ఒడ్డున, లాసన్స్ బే దగ్గర. ఉప్పుగాలి ఇనుప గ్రిల్లునే వదలదు, స్విచ్ బోర్డు లోపలి స్క్రూలని వదులుతుందా? బాల్కనీ సాకెట్ విప్పితే ఇత్తడి మీద పచ్చటి కిలుము కనబడుతుంది. కిలుము పట్టిన చోట, స్క్రూ వదులైన చోట కరెంటుకి అడ్డు పెరిగి వేడెక్కుతుంది. గీజరు ప్లగ్గు గోధుమరంగుకి తిరగడం అందుకే. తడి ఇంకో శత్రువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక కరెంటు వచ్చిందని అందరం సంబరపడ్డామే గానీ, తడిసిన గోడల్లో పైపుల్లోని వైర్లు ఎలా ఉన్నాయో చూసుకున్నవాళ్ళు తక్కువ.

చెకింగంటే టెస్టర్ పెట్టి చూడటం కాదు. ముందు బోర్డులు విప్పి కళ్ళతో చూడాలి. తర్వాత మెయిన్ ఆపి, ఎర్త్ వైరు ప్రతి సాకెట్ దాకా తెగకుండా ఉందో లేదో మీటరుతో కొలవాలి. ఆపేసిన ఎల్ఈడీ బల్బు రాత్రి మినుకుమినుకుమంటుంటే, స్విచ్ ఫేజు మీద కాక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) మీద పెట్టారేమో కూడా చూడాలి.

నాకిష్టమైన పరీక్ష మెగ్గర్‌ది, అంటే వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరుది. టీవీ, కంప్యూటర్, బల్బులు అన్నీ తీసేశాక ఫేజు, న్యూట్రల్ కలిపి, వాటికీ ఎర్త్‌కీ మధ్య 500 వోల్టుల డీసీ పెడతారు. వైరు తొడుగు బాగుంటే కరెంటు దాదాపు పోదు. మన దేశపు నిబంధనల లెక్కన కరెంటుకి ఆ తొడుగు పెట్టే అడ్డు కనీసం 1 మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) రావాలి. కొత్త వైరింగుకి అంతకి ఎన్నో రెట్లు వస్తుంది. అందుకే ఒకసారి కొలిచి ఊరుకుంటే లాభం లేదు. పోయినసారి 50, ఈసారి 4 వస్తే పాసయినట్టే గానీ, నేనైతే ఆ గోడలో ఏం జరుగుతోందో వెతికిస్తాను. ఆ కొలతలు రాసిన కాగితాలు దాచి పెట్టమని మీ నాన్నకి చెప్పండి. 2010 కేంద్ర నిబంధనల్లో తనిఖీల మధ్య ఐదేళ్ళు మించకూడదని రాశారు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్ళకీ ఐదేళ్ళ లెక్కే. సముద్రం పక్కనున్నవాళ్ళు అంతకంటే ముందే చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక ఆర్‌సీసీబీ, అంటే కరెంటు పక్కదారిన లీకయితే మెయిన్ ఆపేసే స్విచ్చు. శ్రావణీ, ఎంసీబీ ఉందిగా అనకు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. ఆంపియర్‌లో పదోవంతు ఒంట్లోంచి పోతే ప్రాణం పోవచ్చు, దానికి అది కదలను కూడా కదలదు. ఆర్‌సీసీబీ కొట్టు షావుకారులా పైసా పైసా లెక్క చూస్తుంది. ఫేజులో వెళ్ళినదంతా న్యూట్రల్లో తిరిగొచ్చిందా అని. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, సెకనులో మూడోవంతు లోపే మెయిన్ పడగొడుతుంది.

దాని మీద 'T' అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే మెయిన్ పడిపోవాలి. ఏళ్ళ తరబడి కదలకపోతే లోపలి మీట బిగుసుకుపోతుంది, అందుకే మూడు నెలలకోసారైనా నొక్కాలి. అది పడింది కాబట్టి ఎర్తింగు కూడా బాగుందనుకునేరు! ఆ బటన్‌కీ ఎర్త్ వైరుకీ సంబంధమే లేదు. ఎర్తింగుని వేరే కొలవాల్సిందే. మీ అపార్ట్‌మెంట్ ఎర్త్ గుంటలో (ఎర్త్ వైరు భూమిలో కలిసే చోట) ఎండాకాలం నీళ్ళు పోస్తున్నారో లేదో వాచ్‌మన్‌ని అడగండి. మట్టి ఎండిపోతే ఎర్తింగు బలం తగ్గుతుంది.

నొక్కినా పడకపోతే బోర్డు మీద చెయ్యి వెయ్యకుండా నాన్నకి చెప్పండి. పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తాడు. నొక్కేది పెద్దవాళ్ళు పక్కనున్నప్పుడే. చిన్నోడా, నొక్కే ముందు అక్క కంప్యూటర్ ఆపిందో లేదో చూడు. ప్రాజెక్టు పోయిందంటే నా మీద పడుతుంది.

మీ తాతయ్య,
పెందుర్తి