ఆఫ్ చేసిన కెమెరాలో బ్యాటరీ దిగిపోతోందా? కొత్త బ్యాటరీ కొనేముందు ఇది చదవండి: అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం నూరు శాతం చార్జింగ్ పెట్టి, కెమెరా ఆఫ్ చేసి పౌచ్‌లో వేస్తారు. ఈ ఆదివారం సూర్యలంకకో కోటప్పకొండకో బయల్దేరి బటన్ నొక్కితే స్క్రీన్ మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వచ్చి ఆరిపోతుంది. విజయవాడ, గుంటూరుల్లో యాక్షన్ కెమెరాలు (హెల్మెట్‌కో బైకుకో తగిలించుకునే గోప్రో లాంటి చిన్న కెమెరాలు) వాడే బైక్ రైడర్లు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, యూట్యూబ్ చానళ్లు నడిపే కుర్రాళ్లు రిపేరుకు తెచ్చే కేసుల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. బాధ కలిగించే విషయం ఏమిటంటే, వాళ్లలో చాలామంది అప్పటికే కొత్త బ్యాటరీ కొనేసి ఉంటారు. కొందరు రెండోది కూడా కొంటారు. సమస్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అపోహ: ఆఫ్‌లో ఉండగా చార్జింగ్ దిగిపోతే బ్యాటరీ పాడైనట్టే

అందరి డబ్బూ పోయేది ఇక్కడే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

పాతబడిన బ్యాటరీ లక్షణం వేరు. అది ఆన్‌లో ఉన్నప్పుడు త్వరగా అయిపోతుంది. గంట పైగా రికార్డు చేసేది అరగంటకే ఆగిపోతుంది, ఎండలో ఇంకా ముందే ఆగుతుంది, ముప్ఫై శాతం చూపిస్తూనే ఠక్కున ఆరిపోతుంది. కెమెరాలోంచి తీసి బల్ల మీద పెట్టిన లిథియం బ్యాటరీ మాత్రం, ఆరోగ్యంగా ఉంటే, నెలకు రెండు మూడు శాతానికి మించి దానంతట అది కోల్పోదు. వారంలో సున్నాకి వచ్చిందంటే సాధారణంగా ఎవరో దాన్ని వాడుతున్నట్టే. ఆ వాడేది కెమెరానే.

లెక్క వేసి చూడండి. గోప్రో హీరో 9 నుంచి 12 వరకు వాడే బ్యాటరీ 1720 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 1720 మిల్లీ ఆంపియర్లు ఒక గంటపాటు ఇవ్వగలదు). అది మూడు రోజుల్లో, అంటే 72 గంటల్లో ఖాళీ కావాలంటే ఎడతెగకుండా సుమారు 24 మిల్లీ ఆంపియర్లు లాగాలి. పది రోజుల్లో అయితే 7, నెలలో అయితే 2.4. నిజంగా నిద్రపోయిన కెమెరా ఒక మిల్లీ ఆంపియర్ లోపే తీసుకోవాలి. 24 మిల్లీ ఆంపియర్లు లాగుతోందంటే లోపల ఏదో మేలుకుని ఉందని అర్థం. కొత్త బ్యాటరీ వేసినా అదే 24 లాగుతుంది.

తేల్చుకోవడానికి మీటరు అక్కర్లేదు, రెండు బ్యాటరీలు చాలు. రెండింటినీ నిండా చార్జ్ చేయండి. ఒకటి కెమెరాలో వేసి ఆఫ్ చేయండి. రెండోది నీడపట్టున, లోహపు వస్తువులు తగలకుండా బయట పెట్టండి. మూడు రోజులు ముట్టుకోవద్దు. తర్వాత రెండింటి శాతం చూసి కాగితం మీద రాసుకోండి. మళ్లీ రెండూ నింపి, స్థానాలు మార్చి, ఇంకో మూడు రోజులు ఆగండి. నష్టం బ్యాటరీ వెంట వెళితే బ్యాటరీ తప్పు. కెమెరాలో ఉన్నదే ప్రతిసారీ దిగిపోతే కెమెరా తప్పు. ఒకే బ్యాటరీ ఉంటే మూడు రోజులు లోపల, మూడు రోజులు బయట పెట్టి పోల్చుకోండి. బయట ఒకటి రెండు శాతం తగ్గితే ఫరవాలేదు. లోపల, అన్ని వైర్‌లెస్ సెట్టింగ్స్ ఆపేశాక కూడా, మూడు రోజుల్లో అయిదు శాతం దాటి తగ్గితే అనుమానించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డూప్లికేట్ బ్యాటరీల్లో స్క్రీన్ మీది శాతాన్ని నమ్మి తీర్పు చెప్పొద్దు. నూరు చూపిస్తూ రికార్డింగ్ మొదలవగానే అరవైకి పడేవి ఉన్నాయి. వాటికి బయటి చార్జరు, దాని ముందు చిన్న యూఎస్‌బీ మీటరు పెట్టి, మూడు రోజుల తర్వాత నిండడానికి ఎన్ని వాట్ అవర్లు (మొత్తం శక్తి కొలత) పట్టిందో చూడాలి. మీటరు చూపే ఎంఏహెచ్ 5 వోల్టుల లెక్క, బ్యాటరీ మీద రాసింది 3.85 వోల్టుల లెక్క, కాబట్టి ఆ రెండు అంకెల్నీ నేరుగా పోల్చకూడదు. 1720 ఎంఏహెచ్ అంటే 6.6 వాట్ అవర్లు. చార్జరులో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే, పూర్తిగా ఖాళీ అయినదానికి మీటరులో 8 దరిదాపుల్లో పడుతుంది. రెండు బ్యాటరీలకూ ఒకే చార్జరు వాడండి.

అపోహ: స్క్రీన్ ఆరిపోయింది కాబట్టి ఆఫ్ అయినట్టే

ఆపేశామని ప్రమాణం చేసి చెబుతారు, వాళ్ల తప్పేమీ లేదు. కెమెరా తీరే అలా ఉంటుంది. స్క్రీన్ కొన్ని నిమిషాలకు ఆరిపోవడం ఒక సెట్టింగు, కెమెరా ఆగిపోవడం వేరే సెట్టింగు. బీప్ శబ్దాలు, లైట్లు కూడా ఆపేసి ఉంటే, నడుస్తున్న కెమెరాకూ ఆగిన కెమెరాకూ పైకి తేడా కనిపించదు.

ఎక్కువమంది పడేది ఇక్కడ. గోప్రోలో క్విక్ క్యాప్చర్ ఆన్‌లో ఉంటే, ఆఫ్‌లో ఉన్న కెమెరా షట్టర్ నొక్కగానే లేచి రికార్డు చేస్తుంది, మళ్లీ షట్టర్ నొక్కితే రికార్డింగ్ ఆపి తనే ఆఫ్ అవుతుంది. అది అలవాటైనవాళ్లు ఒకోసారి పక్క బటన్‌తో ఆన్ చేసి, షట్టర్‌తో రికార్డింగ్ ఆపి, ఆఫ్ అయిందనుకుని పౌచ్‌లో వేస్తారు. అప్పుడు రికార్డింగ్ మాత్రమే ఆగింది, కెమెరా ఆన్‌లోనే ఉంది. ఆటో పవర్ ఆఫ్ 'నెవర్' అని ఉంటే బ్యాటరీ అయ్యేదాకా అలాగే ఉంటుంది. దాన్ని అయిదు నిమిషాలకు మార్చండి.

ఇదే క్విక్ క్యాప్చర్ (డీజేఐ కంపెనీ ఆస్మో యాక్షన్ కెమెరాల్లో దీని పేరు స్నాప్‌షాట్) బ్యాగులో ఇంకో పని చేస్తుంది. బైకు ట్యాంక్ బ్యాగులో కెమెరా మీద హెల్మెట్ మౌంటో, పవర్ బ్యాంకో పడి షట్టర్ నొక్కుకుంటుంది. కెమెరా లేచి చీకట్లో రికార్డు చేస్తుంది. నిర్ధారించుకోవడం తేలిక: మెమరీ కార్డు తెరిచి, మీరు తీయని రోజున, మీకు గుర్తులేని వేళల్లో నల్లటి క్లిప్పులు ఉన్నాయేమో చూడండి. ఉంటే రోగం తేలిపోయినట్టే. బయటికి వెళ్లినప్పుడు ఆ సౌకర్యం కావాలంటే ఉంచుకోండి, ఇంటికి వచ్చాక ఆపేయండి, లేదా బటన్ నొక్కుకోని గట్టి కేసులో పెట్టండి.

ఆఫ్ చేసిన పది నిమిషాల తర్వాత కెమెరాను అరచేతిలో పట్టుకోండి. గదిలోని మిగతా వస్తువులంత చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉంటే ఆఫ్ కాలేదు. గోప్రోలో మోడ్ బటన్ పది సెకన్లు గట్టిగా నొక్కి పడితే బలవంతంగా రీస్టార్ట్ అవుతుంది. తర్వాత మామూలుగా ఆఫ్ చేసి మళ్లీ చూడండి. ప్రతిసారీ ఇలాగే బిగుసుకుపోతుంటే ముందు వేరే కార్డు వేసి చూడండి, ఆ తర్వాత ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. చెడిపోతున్న కార్డు మీద ఫైలు మూసుకోలేక కెమెరా సగంలో నిలిచిపోవడం ఉంది.

అపోహ: ఆఫ్ చేస్తే వైఫై, బ్లూటూత్ కూడా ఆగిపోతాయి

ఆగవు. ఫోన్ యాప్ నుంచి కెమెరాను లేపగలుగుతున్నారంటే, ఆఫ్‌లో కూడా బ్లూటూత్ కొంతసేపు పిలుపు కోసం వింటోందని అర్థం. రిమోట్‌తో లేపినా అంతే. వాయిస్‌తో ఆన్ అయ్యే సౌకర్యం ఉన్న మోడల్స్‌లో మైకు కూడా మేలుకుని ఉంటుంది. గోప్రోలో పై నుంచి కిందికి లాగి, ప్రిఫరెన్సెస్‌లో వైర్‌లెస్ కనెక్షన్స్ ఆపండి. వాయిస్‌తో లేచే ఆప్షన్ తీసేయండి. షెడ్యూల్డ్ క్యాప్చర్ (చెప్పిన వేళకు తనే లేచి రికార్డు చేసే సెట్టింగు) ఎప్పుడో పెట్టి మరచిపోయారేమో చూడండి. తర్వాత పైన చెప్పిన మూడు రోజుల పరీక్ష మళ్లీ చేయండి. చాలా కెమెరాలు ఇక్కడితో బాగుపడతాయి, పైసా ఖర్చు లేకుండా. ఒక్క మాట: ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఈ సెట్టింగ్స్ అన్నీ మొదటికి వస్తాయి. రీసెట్ చేసినా దిగిపోతోందని చెప్పేవాళ్లు ముందు వాటిని తిరిగి చూసుకోవాలి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ కెమెరాకు తడితో ఏమీ కాదు

అన్నీ ఆపేసినా దిగిపోతుంటే చూడాల్సింది బ్యాటరీ అర. హీరో 9 నుంచి 12 వరకు గోప్రోలకు పది మీటర్ల లోతు వరకు భరోసా ఉన్న మాట నిజమే, కానీ అది పక్క మూత శుభ్రంగా, పూర్తిగా మూసుకున్నప్పుడే. మూత చుట్టూ ఉండే రబ్బరు మీద ఒక ఇసుక రేణువు, ఒక వెంట్రుక చాలు. చార్జింగ్ వైరు కోసం చిల్లు ఉన్న మూత వేసుకున్నవాళ్లకు అసలు వాటర్‌ప్రూఫ్ లేదు.

సముద్రపు నీరు ఒక చుక్క లోపలికి పోయి ఆరితే ఉప్పు మిగులుతుంది. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా ఆ ఉప్పు మళ్లీ తడిసి, పిన్నుల మధ్య కొద్దికొద్దిగా కరెంటును పారనిస్తుంది. ఎండాకాలం బాగానే ఉండి వానాకాలంలోనే దిగిపోతోందంటే ఇది గుర్తుకు రావాలి. టార్చ్ వేసి చూస్తే బ్యాటరీ పిన్నుల మొదట్లో, యూఎస్‌బీ సాకెట్‌లో పచ్చని చిలుము కనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో వీడియోలు తీసేవాళ్లకు ఆ సన్నటి కారపు దుమ్ము మూత రబ్బరు మీద పేరుకుని అది సరిగా కూర్చోనివ్వదు, దాన్ని కూడా తుడవాలి.

బ్యాటరీ, కార్డు తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్‌బడ్‌తో, మూలల్లో మెత్తటి బ్రష్‌తో తుడవండి. బ్లేడుతో గీకొద్దు, పిన్నుల మీది బంగారు పూత పోతే తుప్పు రెండింతలు పడుతుంది. మూత తెరిచి కొన్ని గంటలు ఆరనివ్వండి. బియ్యంలో పెట్టకండి, పొడి రంధ్రాల్లోకి పోతుంది. సిలికా జెల్ ప్యాకెట్లతో డబ్బాలో పెడితే మంచిది. సముద్రం నుంచి వచ్చాక మూత వేసి ఉండగానే మంచినీళ్లలో కాసేపు ఉంచి, పైన పూర్తిగా ఆరాకే తెరవాలి.

మీటరు పట్టడం వచ్చినవాళ్లకు

బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కూ కెమెరా పిన్నుకూ మధ్య పలుచని ఇన్సులేషన్ టేపు, దానికి రెండు వైపులా రాగి టేపు పెట్టి కొసలు బయటికి తీయండి. మైనస్‌కు తగలకూడదు. ఆ రెండు కొసల మధ్య మల్టీమీటర్‌ను ముందు 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టే కెమెరా ఆన్ చేయండి. ఆన్ అయ్యేటప్పుడు ఒక ఆంపియర్ దాటి లాగొచ్చు, మిల్లీ ఆంపియర్ సాకెట్ ఫ్యూజు పోతుంది. తర్వాత ఆఫ్ చేసి అయిదు నిమిషాలు ఆగండి. మిల్లీ ఆంపియర్లకు మార్చేముందు రెండు కొసల్నీ జంపర్ వైరుతో కలపండి, మార్చాక జంపర్ తీయండి. మధ్యలో సర్క్యూట్ తెగితే కెమెరాకు కరెంటు పోయి మొదటికి వస్తుంది.

ఒక మిల్లీ ఆంపియర్ లోపు ఉండి, మధ్య మధ్య చిన్నగా ఎగురుతుంటే అది బ్లూటూత్. వైర్‌లెస్ ఆపాక కూడా నిలకడగా 5 నుంచి 30 మధ్య ఉంటే బోర్డు మీద లీకేజీ, లేదా ప్రాసెసర్ నిద్రపోవడం లేదు. 50 దాటితే ఆఫ్ కానట్టే. లీకేజీ అయితే బోర్డు విప్పి, పవర్ ఐసీ (కరెంటు పంచే చిప్) చుట్టూ వేడెక్కే కెపాసిటర్ వెతకాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

మిగతావి, త్వరగా

జీపీఎస్ ఆన్‌లో ఉంటే కెమెరా ఆఫ్‌లో కూడా బ్యాటరీని తింటుందనేది తప్పు, కెమెరా నడుస్తున్నప్పుడే తింటుంది. నెలకోసారి పూర్తిగా సున్నా చేయాలనేది పాత నికెల్ బ్యాటరీల కాలం నాటి మాట, లిథియానికి అది చేటు. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే నీటి చుక్కలు పడతాయి, వద్దు. మెమరీ కార్డు తీసేస్తే ఆదా ఏమీ ఉండదు.

బ్యాటరీ తీసి పెడితే కెమెరా పాడవుతుందని భయపడేవాళ్లున్నారు. కాదు, వారం పైన వాడనప్పుడు చేయాల్సింది అదే. తేదీ, సమయం పోవచ్చు, యాప్‌కు కలిపితే సరిపోతుంది. మూత రబ్బరు తుడిచి, క్లిక్‌మని పడేలా మూయండి. నెలల తరబడి పెట్టేటట్టయితే సగం చార్జింగ్‌తో పెట్టండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి, అద్దాల వెనుక అరవై డిగ్రీలు దాటుతుంది, నిండా చార్జ్ అయిన బ్యాటరీ ఉబ్బేది అలాంటి చోటే.

పూర్తిగా చచ్చిన బ్యాటరీని 9 వోల్టులు తగిలించి లేపే వీడియోలు చూసి చేయకండి, నిప్పంటుకోవచ్చు. ఉబ్బి ఇరుక్కున్నదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, పట్టీ పట్టుకుని మెల్లగా లాగాలి. రాకపోతే సర్వీసుకు ఇవ్వండి. తీసినదాన్ని చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

వారంటీ ఉంటే స్క్రూలు ముట్టుకోవద్దు. మూడు రోజుల పరీక్షలో ఏ బ్యాటరీ లోపల ఎంత తగ్గింది, బయట ఎంత తగ్గింది, ఏ సెట్టింగ్స్ ఆపి చూశారు, ఫర్మ్‌వేర్ ఏది అన్నది ఒక కాగితం మీద రాసి కెమెరాతో ఇవ్వండి. ఇలాంటి కేసు కౌంటర్ మీద రెండు నిమిషాలు ఆన్ చేసి చూస్తే బాగానే కనిపిస్తుంది, ఏ లోపమూ లేదని తిప్పి పంపేస్తారు. కాగితం ఉంటే మూడు రోజులు పెట్టి చూడమని అడగొచ్చు. ఇచ్చే ముందు కార్డులోని వీడియోలు కాపీ చేసుకుని, కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.